జుట్టు తెగినా పర్వాలేదు, గడ్డం తెగకూడదు

ఈ రోజు పనంతా ఒకే ముఖం మీద. ఒక వైద్యురాలి హెడ్‌షాట్, అంటే తల, భుజాలు కనిపించే ఫొటో. బూడిద రంగు తెర ముందు, మెత్తని వెలుగులో, నిలువుగా తీసిన ఫొటో. 4000 పిక్సెళ్ల వెడల్పు, 6000 పిక్సెళ్ల ఎత్తు. ఆవిడకు అది లింక్డ్‌ఇన్‌కు కావాలి, ఆసుపత్రి వెబ్‌సైటుకు కావాలి, ఒక సదస్సు బ్యానరుకు, పత్రికలో రాస్తున్న వ్యాసానికి, త్వరలో రాబోయే పుస్తకం వెనక అట్టకు కూడా కావాలి. "ఒకటి చక్కగా కత్తిరించి ఇవ్వండి, అన్ని చోట్లకూ అదే పంపుతాను" అని రాశారు. దాదాపు అందరూ ఇదే అడుగుతారు. నాకు మాత్రం ఈ కోరిక ఎప్పుడూ మింగుడుపడదు. ఫోనులో గోరంత కనిపించే ముఖానికీ, వేదిక వెనక మనిషంత ఎత్తున కనిపించే ముఖానికీ ఒకే కొలత ఎలా సరిపోతుంది? ఆ ముఖాన్ని ఎక్కడ, ఎంత దూరం నుంచి చూస్తారో తెలిశాకే క్రాప్ (కత్తిరింపు) గీత మీద చెయ్యి వేస్తాను.

లింక్డ్‌ఇన్‌తో మొదలుపెట్టాను. చిన్నదే అయినా ఎక్కువ సేపు పట్టేది అదే. మనం ఎక్కించేది చదరం, అక్కడ కనిపించేది వృత్తం. చదరంలో ఇమిడే వృత్తం దాని వైశాల్యంలో 78.5 శాతమే. అంటే మూలల్లో ఐదో వంతుకు పైగా పోతుంది. మామూలు పోర్ట్రెయిట్‌లో కళ్లను పై మూడో వంతు గీత మీద ఉంచితే అందం. వృత్తంలో అదే పని చేస్తే, అది ఇరుకయ్యే చోటే తల ఇరుక్కుపోతుంది. ఆవిడ జుట్టు ఉంగరాలు తిరిగి, విరబోసుకున్నది. ఎడమ చెవి మీదుగా ఒక పాయ బయటికి వచ్చి ఉంది. చదరంలో అది ముచ్చటగా ఉంది. దాని మీద వృత్తం గీసి చూస్తే, పాయ సగంలో తెగి చెవి పక్కన మచ్చలా మిగిలింది. ఫ్రేమును కొంచెం పెద్దది చేసి, కళ్లను నడిమి గీతకు కాస్త పైన మాత్రమే ఉండేలా దించాను. పాయ మొత్తం లోపలికి వచ్చింది. ముఖం వృత్తం ఎత్తులో దాదాపు 60 శాతం నిండింది.

ఆ తర్వాత దాన్ని 48 పిక్సెళ్లకు కుదించి చూశాను. వ్యాఖ్య పక్కన, సందేశం పక్కన మనిషి కనిపించేది ఇంచుమించు ఆ పరిమాణంలోనే. అక్కడ కూడా చూడగానే ఆవిడేనని తెలియాలి. తెలిసింది. కళ్లజోడు చట్రం, చిరునవ్వు రెండూ స్పష్టంగా ఉన్నాయి. తెల్ల కోటు ఇంకొంచెం ఎక్కువగా కనిపించి ఉంటే, చూపు ముందు దాని మీదికే పోయేది.

ఎత్తు చాలనప్పుడు దేన్ని వదులుకోవాలన్న విషయంలో నాది గట్టి అభిప్రాయం. నడినెత్తి మీది జుట్టు కొంత పోయినా చూసేవారి కన్ను దాన్ని తనంతట తానే పూరించుకుంటుంది. గడ్డం తెగితే మాత్రం ముఖం ఆకారమే పోతుంది. గడ్డాన్ని ఉంచి మెడ మీద కత్తిరించినా బాగుండదు, తల దేనికీ అతుక్కోకుండా గాలిలో ఉన్నట్టు కనిపిస్తుంది. రెండు వైపులా కొంత భుజం ఉంటేనే తలకు ఆధారం. చేతులు కూడా వచ్చిన ఫొటో అయితే మోచేయి దగ్గరా, మణికట్టు దగ్గరా కోయకూడదు. కత్తిరింపు రెండు కీళ్ల మధ్య పడాలి.

ఆసుపత్రి వెబ్‌సైటు పని తొందరగానే తేలింది. 4:5 నిష్పత్తి. ఆ పేజీలో ఇప్పటికే ఉన్న వైద్యుల ఫొటోలను పక్కన తెరుచుకుని, వారి కళ్లు ఏ ఎత్తులో ఉన్నాయో అక్కడే ఈవిడ కళ్లు కూడా వచ్చేలా, ముఖాల పరిమాణం కూడా కలిసేలా సరిచేశాను. వరుసలో ఒక్క తల పెద్దదైతే ఆ మనిషి పేజీలోంచి ముందుకు తోసుకొచ్చినట్టు ఉంటుంది.

అచ్చుకు లెక్క వేరు. పత్రిక వారు 5 సెంటీమీటర్ల వెడల్పు ఫొటో అడిగారు. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున దాదాపు 590 పిక్సెళ్లు కావాలి. లింక్డ్‌ఇన్ కోసం చేసిన 400 పిక్సెళ్ల చదరాన్నే పంపి ఉంటే 3.4 సెంటీమీటర్ల వరకే నాణ్యంగా వచ్చేది. ఫైలులో అంగుళానికి 72 పిక్సెళ్లు అని ఉన్న చోట 300 అని రాసినంత మాత్రాన ఒక్క పిక్సెల్ కూడా పెరగదు. ఈ సంగతి ఎంతమందికి చెప్పినా నాకు విసుగు రాదు, ఎందుకంటే మసకబారి అచ్చయిన ముఖాన్ని తర్వాత ఎవరూ బాగుచేయలేరు. పుస్తకం వెనక అట్ట మీద ఫొటో అంచు దాకా పోతుందట. కాగితం కోసేటప్పుడు పోయే 3 మిల్లీమీటర్ల బ్లీడ్ కలిపి, కుడి భుజం ఆ అంచుకు మరీ ఆనకుండా చోటు వదిలాను. ఇవన్నీ అసలు ఫైలు నుంచే, దేనికది విడిగా తీశాను. ఒక జేపెగ్‌ను కత్తిరించి, దాన్నే మళ్లీ కత్తిరించి సేవ్ చేస్తూ పోతే ప్రతిసారీ కొంత వివరం పోతుంది. ముందుగా చర్మం మీది సన్నని తేడాలు పోతాయి.

మధ్యాహ్నమంతా బ్యానరే తినేసింది. 16:9 అడ్డ ఫ్రేము. 4000 పిక్సెళ్ల వెడల్పును పూర్తిగా వాడినా ఎత్తు 2250 పిక్సెళ్లే వస్తుంది. ఆవిడ తల ఒక్కటే దాదాపు 2100. పేరు రాయడానికి చోటే లేదు. కోయడం మాని, వెనక తెరను పక్కకు పెంచాల్సి వచ్చింది. తెర సాదాగా ఉండటం మేలైంది. వెలుగు ఒక పక్క నుంచి పడటంతో బూడిద రంగు క్రమంగా ముదురుతూ పోతోంది. ఆ మార్పు ఎక్కడా గీత పడకుండా కొత్త భాగంలోకి సాగాలి. నిదానంగా చేయాల్సిన పని. అచ్చయ్యాక దూరం నుంచి చూసేదే కాబట్టి అంగుళానికి 100 పిక్సెళ్లున్నా సరిపోతుంది, ఆ విషయంలో దిగులు లేదు.

ఇంతలో సదస్సు వారి నుంచి ఒక సూచన: ఆవిడ ఎడమకు చూస్తున్నారు, మా అక్షరాలు కుడి పక్కన ఉన్నాయి, ఫొటోను అద్దంలో కనిపించినట్టు కుడి ఎడమలు మార్చి తిప్పేయండి అని. కుదరదని చెప్పాను. తిప్పితే పాపిట అవతలి పక్కకు పోతుంది, కోటు గుండీలు పక్క మారతాయి, జేబు మీద కుట్టిన పేరు అద్దంలో కనిపించే అక్షరాల్లా తిరగబడుతుంది. అద్దంలో రోజూ చూసుకునేది ఆ ముఖాన్నే కాబట్టి ఆవిడకు తిప్పిన ఫొటోయే నచ్చవచ్చు కూడా. ఎదురుగా కూర్చుని చూసే రోగులకు మాత్రం ఈవిడ మా డాక్టరుగారేనా అనిపిస్తుంది. ఎవరి ముఖాన్నయినా సరే, వారిని ఎరిగినవారు గుర్తుపట్టేలా ఉంచడం నా బాధ్యత అనుకుంటాను. ఆవిడను కుడి పక్కకు జరిపి, చూపు పోయే ఎడమ వైపు ఖాళీ పెంచి, అక్షరాలను అక్కడ వేయమన్నాను. ఒప్పుకున్నారు.

ఫైళ్లకు అవి వెళ్లాల్సిన చోటి పేర్లే పెట్టి పంపాను. ఈసారి ఫొటో తీయించుకునేటప్పుడు రెండడుగులు వెనక్కి వెళ్లి, చుట్టూ చోటు వదిలి ఒక అడ్డ ఫొటో కూడా తీయమని అడగండి అని రాశాను. మిగిలింది కోసుకోవచ్చు, లేనిదాన్ని పుట్టించడమే కష్టం.

సాయంత్రం జవాబు వచ్చింది. అన్నీ నచ్చాయట. అమెరికా వీసాకు కూడా ఇందులోంచే ఒకటి చేసి ఇవ్వగలరా అని అడిగారు. 51 మిల్లీమీటర్ల చదరం, అందులో తల 25 నుంచి 35 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అంతవరకు క్రాప్‌తో అయ్యేదే. కాని అక్కడ ముఖం నేరుగా ఉండాలి, వెనక తెలుపు ఉండాలి, 2016 నవంబరు నుంచి కళ్లజోడు కూడా పనికిరాదు. వీటిని కంప్యూటర్‌లో మార్చి ఇవ్వకూడదు. దానికి విడిగా ఫొటో తీయించుకోండి, కొలతలు కావాలంటే నేను సరిచూస్తాను అని రాశాను.