దుబాయిలో పైలంగా ఉండాల్సింది ఎక్కడ

కోరుట్ల బస్టాండులోనో మెట్‌పల్లి చౌరస్తాలోనో శంషాబాద్ బండి ఎక్కించేటప్పుడు ఇంటోళ్లు చెప్పే మాటలు దాదాపు ఒకటే ఉంటాయి. "పైలం బిడ్డా. పెద్ద పట్నం. రాత్రిపూట బయట తిరగకు. పైసలు లోపలి జేబుల పెట్టుకో. తెల్వనోళ్లతోని మాట్లాడకు." బొంబాయికి పోయినా దుబాయికి పోయినా ఇదే పాఠం. బొంబాయికైతే పనికొస్తుందేమో. దుబాయిలో మాత్రం తెలియనివాళ్ల వల్ల మనోళ్లకు జరిగే నష్టం చాలా తక్కువ. నష్టమంతా తెలిసినవాళ్ల వల్ల, లేదంటే మన చేతులారా మనం చేసుకునేదే.

ముందు వీధి సంగతి చూద్దాం. దుబాయి పాతబస్తీ లాంటి దేరాలో నాయిఫ్, అల్ రిగ్గా గల్లీల్లో రాత్రి ఒంటిగంటకు డ్యూటీ దిగి, చేతిలో ఫోను చూసుకుంటూ గదికి నడిచిపోయేవాళ్లు బోలెడు మంది. వాళ్ల జోలికి ఎవడూ రాడు. అలాగని అక్కడ ఉన్నవాళ్లంతా మంచోళ్లేం కాదు. ప్రతి మూలా కెమెరా ఉంటుంది. ప్రతి సిమ్ము ఎమిరేట్స్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) మీదో పాస్‌పోర్టు మీదో ఉంటుంది. ఊళ్లో పదిమందిలో తొమ్మిదిమంది వీసా మీద బతికేవాళ్లే. గొలుసు తెంపినోడు దొరికితే జైలు, ఆ తర్వాత విమానం. అంత తెగింపు ఎందరికి ఉంటుంది? ట్యాక్సీలో ఫోను మర్చిపోతే 8009090కి చేసి ఎక్కడ ఎక్కారో, ఎన్నింటికి ఎక్కారో చెప్పాలి. రశీదు ఉంటే పని ఇంకా సులువు. పోలీసు అత్యవసరానికి 999, అంబులెన్సుకు 998, మంటలకు 997, తొందర లేని ఫిర్యాదుకు 901.

వీధిలో నిజంగా ఉన్న ఉచ్చు ఒకటి మాత్రం చెప్పాలి. కార్ల అద్దాలకు, ఫుట్‌పాత్ మీద అమ్మాయి బొమ్మతో మసాజ్ కార్డులు పడి ఉంటాయి. ఆ నంబరుకు ఫోన్ చేసి ఫ్లాటుకు పోతే లోపల నలుగురు మగాళ్లుంటారు. ఏటీఎం కార్డు, పిన్ను లాక్కుంటారు, ఫొటోలు తీసి బెదిరిస్తారు. దుబాయి పోలీసులు వీటి గురించి పదేపదే హెచ్చరిస్తున్నా దందా నడుస్తూనే ఉంది. పోయినోడు సిగ్గుతో ఫిర్యాదు చెయ్యడన్నదే దాని పెట్టుబడి.

మరి హత్యల సంగతి? 2025 ఏప్రిల్‌లో దుబాయిలోని ఒక బేకరీలో నిర్మల్, నిజామాబాద్ జిల్లాల మనుషులు ఇద్దరు హత్యకు గురైనప్పుడు మన దగ్గర ఊరూరా గుండెలు జారిపోయాయి. చంపింది దారినపోయే దొంగ కాదు, పక్కన నిలబడి పనిచేసేవాడే. సిరిసిల్ల జిల్లా వాళ్లు ఐదుగురు దుబాయి జైల్లో పద్దెనిమిదేళ్లుండి 2024లో ఇల్లు చేరారు. ఆ కేసులో చనిపోయింది ఒక నేపాలీ కాపలాదారు. కార్మికులుండే క్యాంపుల్లో పోరు పెరిగేది చిన్న సంగతుల మీదే: పొయ్యి వంతు, బాత్రూం వరస, మందు తాగి అన్న మాట, దేవుడి మీద, దేశం మీద ఎత్తిపొడుపు. ఎదుటివాడు ఒకసారి బెదిరించాడంటే దాన్ని నోటిమాటగా వదలొద్దు. క్యాంప్ బాస్‌కు వాట్సాప్‌లో రాసి గది గానీ షిఫ్టు గానీ మార్చమని అడగాలి. రాతలో ఉంటే తర్వాత 'నాకు చెప్పలేదు' అనడానికి వీలుండదు. రాసేటప్పుడు తిట్లు వద్దు. వాట్సాప్‌లో తిట్టినా దుబాయిలో సైబర్ నేరమే, జరిమానా రెండున్నర లక్షల దిర్హాముల నుంచి మొదలవుతుంది.

రోడ్డు గురించి ఎవరూ భయపెట్టరు. భయపెట్టాల్సింది దాని గురించే. మన దగ్గర రోడ్డు దాటేటప్పుడు మెడ ముందు కుడివైపు తిరుగుతుంది. దుబాయిలో బండ్లు కుడి పక్కన నడుస్తాయి, కాబట్టి దగ్గరి బండి ఎడమ నుంచి వస్తుంది. కొత్తగా దిగినోడికి ఈ అలవాటు మారడానికి వారాలు పడుతుంది. క్యాంపు ఒక పక్క, చాయ్ హోటలు, సూపర్ మార్కెట్ అవతలి పక్క, నడుమ ఆరు వరసల రోడ్డు. వంతెన అర కిలోమీటరు దూరం. కంచె దాటితే రెండు నిమిషాల పని. దాటకూడని చోట దాటితే 400 దిర్హాముల జరిమానా చాలాకాలంగా ఉంది. 2025 మార్చి 29 నుంచి అమలైన కొత్త ట్రాఫిక్ చట్టం ఇంకా గట్టిది. 80 కిలోమీటర్లు, అంతకుమించి వేగం ఉన్న రోడ్డును అడ్డంగా దాటితే కనీసం మూడు నెలల జైలు గానీ, కనీసం 10,000 దిర్హాముల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు.

ఇక గది. నగరంలో మనోడు ఎక్కువ సేపు ఉండేది అక్కడే, కళ్లు మూసుకునేదీ అక్కడే. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే భవనం కాలి 46 మంది భారతీయులు పోయారు. మంట కింది అంతస్తులో మొదలైంది. గదుల మధ్య అడ్డుగా పెట్టినవి తొందరగా అంటుకునే రకం, పైకి పరుగెత్తినవాళ్లకు డాబా తలుపుకు తాళం. 2023 ఏప్రిల్‌లో దుబాయి దేరాలోని అల్ రాస్‌లో ఒక భవనంలో మంట లేచి 16 మంది పోయారు. కత్తి కంటే పొగ ఎక్కువ మందిని తీసుకుపోతుంది, నిద్రలో ఉన్నోణ్ణి లేపకుండా తీసుకుపోతుంది.

కంపెనీ క్యాంపు ఇస్తే కొంత నయం. బెడ్‌స్పేస్, అంటే గదిలో ఒక్క మంచం అద్దెకు, తీసుకుంటే అడ్వాన్సు ఇచ్చేముందు పావుగంట తిరిగి చూడాలి. రెండు బెడ్‌రూంల ఫ్లాటును ప్లైవుడ్‌తో ఆరేడు అరలు చేసి ఉంటారు. గోడ మీద వేలితో కొట్టండి, డబ్బా మోత వస్తే అది గోడ కాదు. మీ మంచం దగ్గరి నుంచి మెట్ల దాకా ఎన్ని తలుపులు దాటాలో లెక్కపెట్టండి. పొగలో కళ్లు కనపడవు, చేతితో తడుముకుంటూ పోవాల్సి వస్తుంది. నడవలో చెప్పుల స్టాండు, అట్టపెట్టెలు, పాత పరుపు ఉన్నాయంటే ఆ దారి మూసుకుపోయినట్టే. డాబా తలుపు నెట్టి చూడండి. తర్వాత కరెంటు చూడండి. ఒక్క ఎక్స్‌టెన్షన్ బాక్సుకు నాలుగు ఫోన్లు, రైస్ కుక్కరు, పైనుంచి డెలివరీ బండి బ్యాటరీ. ఆ వైరు పట్టుకుంటే వేడిగా ఉంటే ఆ గది వద్దు. బ్యాటరీని తల దగ్గర పెట్టి రాత్రంతా చార్జింగులో ఉంచే గదికి అద్దె సగమన్నా పోవద్దు.

ఇంకో మాట, ఫ్లాటు ఒప్పందం ఎవరి పేరున ఉంది? దుబాయిలో అద్దె ఒప్పందం ఎజారీ అనే ప్రభుత్వ రిజిస్టరులో నమోదవుతుంది, ఉండేవాళ్ల పేర్లూ నమోదు చెయ్యాలి. మీ పేరు లేకుంటే మునిసిపాలిటీ వాళ్లు వచ్చి అడ్డుగోడలు పీకిన రోజు మీరు సామానుతో రోడ్డు మీదుంటారు, అడ్వాన్సు అడగడానికి చేతిలో కాగితం ఉండదు. 2025 జూన్‌లో అల్ రిగ్గా, మురక్కబాత్, సత్వా, అల్ బర్షా వైపు ఇట్లాంటి గదుల మీద తనిఖీలు గట్టిగానే జరిగాయి.

ఇప్పుడు మూట విప్పుదాం. ప్రయాణం ముందురోజు మన ఇళ్లల్లో అట్టపెట్టె సర్దుతారు. సకినాలు, గారెలు, మామిడికాయ తొక్కు, ఎల్లిపాయ కారం, మటన్‌లోకి అమ్మ దంచిన మసాలా. ప్రమాదం ఆ మసాలాలో ఉంది. గసగసాలు ఎమిరేట్స్‌లో నిషిద్ధం. మనకు కూరలో చిక్కదనం, వాళ్ల చట్టంలో మత్తుమందు. విడిగా పొట్లం కట్టినా, మసాలాలో కలిపినా వద్దు. దంచేటప్పుడే తియ్యాలి, విమానాశ్రయంలో తియ్యడం కుదరదు. తర్వాత మాత్రలు. నడుం నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గుమందు ఇక్కడ నియంత్రణలో ఉన్నవి. ముందే అనుమతి లేకుండా జేబులో దొరికితే కేసు. బీపీ, షుగర్ మాత్రలైతే డాక్టరు చీటీతో, స్ట్రిప్పులో ఉన్నవి ఉన్నట్టే తేవాలి. విడిగా డబ్బాలో పోసుకుని రావద్దు.

మూడోది పక్కింటి పార్సిల్. "మా బావకు ఇయ్యి బిడ్డా, చెక్కలే." కాదనడం మన దగ్గర చాలా కష్టం, అది తెలిసే గంజాయి పంపేవాళ్లు ఆ దారి పట్టారు. ఇచ్చిన మనిషికి ఏం తెలియకపోవచ్చు, ఆమెకు ఇంకెవరో ఇచ్చి ఉండొచ్చు. మొహమాటం తప్పించుకునే పద్ధతి ఒకటుంది. కుట్టిన పొట్లం తీసుకోకుండా, వాళ్ల ఎదుటే విప్పి స్టీలు తాంబాళంలో పోసి, మళ్లీ మీ చేతులతోనే మీ డబ్బాలోకి ఎత్తుకోవాలి. "ఎయిర్‌పోర్టోళ్లు అడుగుతరక్కా" అంటే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు. విప్పనియ్యకపోతే ఆ చెక్కలు మీకొద్దు.

ఇక్కడికొచ్చాక ఇదే మొహమాటం ఇంకో వేషంలో వస్తుంది. "అన్నా, నా అకౌంటు బందయింది, నీ ఏటీఎం కార్డు నెలరోజులియ్యి, రెండొందల దిర్హాములిస్త." ఆ ఖాతాలోకి వచ్చేది ఎవరినో ఫోనులో మోసం చేసిన సొమ్ము. పోలీసులకు కనపడేది ఖాతాదారు పేరే. మీ ఐడీ మీద సిమ్ము తీసి ఇంకొకరికిచ్చినా అంతే. చనిపోయిన తోటి మనిషి ఇంటికి వాట్సాప్ గ్రూపులో చందాలు వసూలు చేయడం కూడా అనుమతి లేకుండా నేరమే. మంచిపనికి జైలేమిటని కోపం వస్తుంది. కానీ చట్టం అదే. కాన్సులేట్ ద్వారానో, అనుమతి ఉన్న సంఘం ద్వారానో చెయ్యాలి.

ఎండకు చట్టం ఉంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని ఆపాలి. అయితే పొద్దున పదకొండు కూడా చంపగలదు, ముఖ్యంగా మొదటి పది పదిహేను రోజులు, ఒళ్లు ఆ వేడికి అలవాటు పడకముందు. దప్పిక అయ్యేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకొక గ్లాసు నీళ్లు తాగాలి. పక్కనోడికి చెమట ఆగిపోయి మాట తడబడితే వాణ్ణి నీడకు మోసి, బట్టలు తడిపి, 998కి చెయ్యాలి. ఫోర్‌మన్ అనుమతి కోసం ఆగొద్దు.

ఇవన్నీ తెలిసీ మనోళ్లు ఎందుకు చిక్కుతారంటే, అప్పు. లెక్క చూడండి. విజిట్ వీసా మీద పంపే సబ్ ఏజెంటుకు లక్షన్నర, మూడు రూపాయల మిత్తికి తెచ్చింది. నెలకు మిత్తే 4,500. జీతం 1,000 దిర్హాములు, దిర్హాముకు 23 రూపాయల చొప్పున 23,000. తిండికి, ఫోనుకు 400 దిర్హాములు పోతే మిగిలేది 13,800, మిత్తి పోను 9,300. ఇంటికి ఒక్క రూపాయి పంపకుండా కట్టినా అసలు తీరడానికి ఏడాది దాటుతుంది. ఈ లెక్క నెత్తిన ఉన్నోడు గొడవల గది వదలడు, ఎండ దెబ్బ తగులుతున్నా పని ఆపి కూర్చోడు, జీతం రెండు నెలలు ఆగినా నోరు తెరవడు. చివరికి కంపెనీ వదిలి ఖల్లివెల్లి, అంటే సరైన వీసా లేకుండా దొంగచాటుగా బతికేవాడు, అవుతాడు, అప్పుడు ఏ దెబ్బ తగిలినా పోలీసు దగ్గరికి పోలేడు.

లైసెన్సున్న ఏజెంటు తీసుకోవాల్సింది గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపైన 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400, రశీదుతో. విదేశీ పనుల ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో ఏజెంటు పేరు కనపడకపోతే వాడు ఏజెంటు కాడు. ఈసీఆర్ (విదేశీ పనికి పోవడానికి ప్రభుత్వ అనుమతి కావాల్సిన) పాస్‌పోర్టు మీద పనివీసాతో పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో పోతే 10 లక్షలు. రెండేళ్లకు ప్రీమియం 275, మూడేళ్లకు 375 రూపాయలు. విజిట్ వీసా మీద ఎక్కినోడికి ఇది ఉండదు. జీతం ఆగితే 80084కి చెయ్యాలి. 50,000 దిర్హాముల లోపు తగాదాలను కార్మిక శాఖే తేల్చగలదు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర దాచుకోవడం ఇక్కడ చట్టవిరుద్ధం, అయినా అడిగితే "సేఫ్టీ కోసం" అంటారు. కనీసం ఫోనులో ఫొటో ఉంచుకోవాలి.

హన్మకొండ నుంచి అమెరికా పోయే పిల్లల లెక్క వేరు, దాన్నీ దీన్నీ ఒక గాటన కట్టొద్దు. షికాగో లాంటి చోట వీధి భయం నిజమే, కానీ నాలుగు వీధులకోసారి మారుతుంది. ఇల్లు చూసేటప్పుడు అద్దెతో పాటు ఆ గల్లీ పేరున వచ్చే నేరాల మ్యాపు కూడా చూడాలి. పెట్రోలు బంకుల్లో, దుకాణాల్లో రాత్రి కౌంటరు మీద ఒంటరిగా నిలబడే పని అన్నిటికంటే చెడ్డది. తుపాకీ చూపిస్తే గల్లా తెరిచి ఇచ్చెయ్యడమే. ఎదురు తిరిగి కాపాడేది ఓనరు డబ్బు. పైగా ఎఫ్-1 (చదువు) వీసా మీద ఆ పని చాలావరకు చట్టవిరుద్ధం కాబట్టి, దోపిడీ జరిగినా పోలీసుకు చెప్పడానికి భయపడతారు. అక్కడా మళ్లీ ఖల్లివెల్లి కథే.

ఇంట్లో ఒక కాగితం ఉంచి పోవాలి. చాలా ఇళ్లల్లో "దుబాయిల ఏదో కంపెనీ" అన్నదాకే తెలుసు. మనిషి ఫోను నాలుగు రోజులు కలవకపోతే ఎక్కడ వెతకాలో ఎవరికీ తెలియదు. పాస్‌పోర్టు, వీసా, ఎమిరేట్స్ ఐడీ రెండు వైపులా, బీమా పాలసీ జిరాక్సులు, కంపెనీ పేరు వీసా మీద ఉన్నట్టే రాసి, క్యాంపు ఏరియా, గది నంబరు, గదిలో ఇద్దరి ఫోన్లు. గది మారిన ప్రతిసారి ఆ కాగితం మార్చాలి. దుబాయిలో ఉన్నవాళ్లకు కాన్సులేట్ సహాయ కేంద్రం నంబరు 80046342, రాత్రీ పగలూ పనిచేస్తుంది. కానీ అది ఇక్కడి ఉచిత నంబరు, జగిత్యాల నుంచి కొడితే కలవదు. ఇంటోళ్లు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి, లేదా మంగళ, శుక్రవారాల్లో హైదరాబాద్ ప్రజాభవన్‌లో జరిగే ప్రజావాణిలో ప్రవాసుల కౌంటరుకు పోవాలి. పోయేటప్పుడు ఆ జిరాక్సులు పట్టుకుపోవాలి.