పందెం కాదంట!
2021 మే నెల తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మేం మెల్‌బోర్న్‌లో, నాన్న ఖమ్మంలో కరోనాతో ఆక్సిజన్ మీద. అప్పటికే ఆస్ట్రేలియా ఇండియా విమానాలు ఆపేసింది, అది చాలదన్నట్టు మే 3 నుంచి 15 దాకా అక్కడి నుంచి సొంత పౌరులు వచ్చినా ఐదేళ్ల వరకు జైలు, 66,600 డాలర్ల వరకు జరిమానా అంది. అసలు దేశం దాటాలన్నా పర్మిషన్ కావాలి. ఎంత టెన్షన్ పడ్డామో!

సరే, సరిహద్దు మూశారు, భయం అర్థమైంది. మరి ఆ టైంలో టీకాలైనా గబగబా వేయాలి కదా? మార్చి ఆఖరుకు 40 లక్షల డోసులన్నారు, పది లక్షలు కూడా దాటలేదు. అప్పటి ఆస్ట్రేలియా ప్రధాని మారిసన్ ఏమో ఇదేం పరుగు పందెం కాదన్నాడు. ఏప్రిల్‌లో రక్తం గడ్డకట్టే కేసులు చూసి 50 లోపు వాళ్లకు ఆస్ట్రాజెనెకా కంటే ఫైజర్ మేలన్నారు, ఫైజరేమో సరిపడా లేదు. ఇక్కడ జనం వద్దనుకున్న ఆ ఆస్ట్రాజెనెకానే అక్కడ కోవిషీల్డ్, దానికోసం మా అమ్మ తెల్లారకముందే పీహెచ్‌సీ ముందు క్యూలో చెప్పులు పెట్టి కూర్చుంది.

నాన్న కోలుకున్నారు, దేవుడి దయ. నవంబరు 1న మా విక్టోరియా రాష్ట్రంలో టీకాలు పూర్తిగా వేసుకుని వచ్చేవాళ్లకు హోటల్ క్వారంటైన్ ఎత్తేశారు, అదే రోజు నుంచి పౌరుల తల్లిదండ్రుల్ని కూడా 'దగ్గరి కుటుంబం'గా లెక్కేశారు. అప్పటిదాకా వాళ్ల రూల్స్‌లో అమ్మానాన్న మనకేమీ కారన్నమాట!