బోస్కో గురిన్: యాభై మంది ఊరు, బస్సు చెప్పిందే వేళ

స్విట్జర్లాండ్ దక్షిణాన ఉన్న లొకార్నో పట్నం నుంచి కొండ మీది బోస్కో గురిన్‌కి దూరం పెద్ద లెక్కలోది కాదు. దారిలో చేవియో అనే ఊళ్లో బస్సు మారడమే తంటా. అక్కడి నుంచి పైకెళ్లే పసుపు పోస్టు బస్సులు రోజుకు కొన్నే. ఒకటి తప్పితే ఊరికే కూర్చోవాలి. టికెట్ ముక్కలుగా కొనకుండా లొకార్నోలోనే చివరిదాకా తీసుకోండి. స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే ఈ బస్సూ అందులోనే. 2024 జూన్ చివర్లో వచ్చిన వరదకి చేవియో దగ్గర విస్లెట్టో వంతెన కూలింది. కాబట్టి పాత యాత్రికులు రాసిన వేళలు నమ్మకుండా, బయల్దేరే ఉదయం రైల్వే యాప్ చూడాలి.

చేవియో 400 మీటర్ల చిల్లర ఎత్తులో ఉంటే, ఊరు 1,503 మీటర్లలో. మధ్యలో అన్నీ మెలికలే. కడుపులో తిప్పేవాళ్లు ముందు సీటు పట్టుకోవాలి. గుడ్డి మలుపుల్లో డ్రైవరు మూడు స్వరాల హారన్ కొడతాడు. ఇలాంటి కొండ పోస్టు రోడ్ల మీద బస్సుకే ముందు దారి. ఎదురొచ్చిన కారు డ్రైవరు సైగ ప్రకారం వెనక్కి పోవాల్సిందే. హారన్ మీద నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదల్లా ధరల మీదే.

తిచీనో రాష్ట్రమంతా ఇటాలియన్ అయితే, ఈ ఒక్క ఊరిదే జర్మన్. వాల్సర్లనే జర్మన్ మాట్లాడే కొండ జనం 13వ శతాబ్దంలో ఇటలీలోని ఫోర్మాత్సా వైపు నుంచి కనుమ దాటి వచ్చి పడ్డారు. 1253 నాటికే చర్చి ఉంది. 1695లో మంచు చరియ 34 మందిని, 1749లో మరొకటి 41 మందిని మింగింది. అయినా ఊరు కదల్లేదు. భాష మాత్రం జారిపోతోంది: 1970లో ఐదింట నాలుగు వంతుల మంది జర్మన్ మాట్లాడేవాళ్లయితే, 2000 నాటికి మూడో వంతే.

ఇంత చిన్న ఊరికి పూర్తి పంచాయతీ ఉండటమే నాకు వింత. ఎన్నికైన పాలకవర్గం ఉంది. దాని మీద ఓటర్లందరి సభ: ఏటా ఒకసారి పాత లెక్కలు, ఇంకోసారి వచ్చే ఏడాది బడ్జెట్. మన గ్రామసభలో సంతకాల పుస్తకం తిరిగినంత సులువుగా ఇక్కడ పద్దులు దాటవు, ఎవరు చెయ్యెత్తారో అందరికీ కనబడుతుంది. దీనికి తోడు పాత్రిత్సియాతో అని పాత కుటుంబాల ఉమ్మడి సంస్థ ఇంకోటి. అందులో హక్కు వంశం బట్టి వస్తుంది. నిన్న వచ్చి ఇల్లు కొన్నవాడికి పంచాయతీలో ఓటు రావచ్చు గానీ, ఇందులో చోటు దానంతటది రాదు.

చూడాల్సింది గాదెలు. ధాన్యం దాచిన చెక్క గది నేలకు ఆనదు. పొట్టి స్తంభాల మీద గుండ్రటి రాతి పలకలు, వాటి మీద గది. ఎలుక స్తంభం ఎక్కినా, పలక అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి కింది నుంచి తలకిందులుగా పాకలేక ఆగిపోతుంది. స్తంభానికి కర్ర ఆనించి మర్చిపోతే చాలు, ఏర్పాటంతా వృథా.

1938లో తెరిచిన వాల్సర్‌హౌస్ మ్యూజియంలో పొయ్యి దగ్గర ఆగండి. పొగ రాకుండా వంటగది వైపు నుంచే కట్టెలు పెడతారు, వేడి మాత్రం పక్క గదిలోకి వస్తుంది. గోడలో ఒక చిన్న కిటికీ ఉంది. ఇంట్లో ఎవరైనా పోతే ఆత్మ బయటికెళ్లడానికి తెరిచి, మళ్లీ మూసేవారట. చలికాలంలో మ్యూజియం మూసేస్తారు.

నోర్ (Knorr) సూపు పొట్లాల మీది ఎర్ర టోపీ బొమ్మ నోర్లీని 1948లో గీసిన హాన్స్ టోమామిషెల్ ఈ ఊరివాడే.

సీజను కాని నెలల్లో తిండి దొరుకుతుందని నమ్ముకోవద్దు. రొట్టె, చీజు కిందే కొనుక్కోండి, పైన కంటే చవక కూడా. తాగడానికి నీళ్లు వీధి తొట్టిలో పట్టుకోవచ్చు, ‘తాగరాదు’ అని బోర్డు లేకపోతే చాలు. తిరుగు బస్సు వేళ దిగగానే ఫోటో తీసుకోండి. చివరిది పోతే గది అద్దె కట్టాలి, లేదా మెలికల తారురోడ్డు మీద కిందికి నడవాలి.