రజాకార్ల నాటి మాటలు రికార్డు చేసేవాళ్లకు

నిజాం పాలనను నిలబెట్టడానికి ఆయుధాలు పట్టిన దళమే రజాకార్లు. వాళ్లను చూసిన, 1948లో పదేళ్ల పిల్లలకు ఇప్పుడు తొంభై దగ్గర. పరకాల, జనగామ పల్లెల్లో వాళ్ల మాటలు రికార్డు చేయాలంటే వచ్చే దసరా దాకా ఆగొద్దు.

"రజాకార్లు ఏం చేసిన్రు?" అని మొదలుపెడితే సభల్లో విన్నదే బయటకొస్తుంది. "అవ్వా, జొన్నల పాతర మీద ఏం కప్పేటోళ్లు?" అని అడగండి. చెయ్యి నేల మీదికి వెళ్తుంది, పాతర నోరు ఎంతుండేదో జానలతో కొలిచి చూపిస్తుంది. ఆ చెయ్యి తర్వాతే అసలు భయం మాటల్లోకి వస్తుంది. తొందరపెట్టొద్దు.

జర్మనీలో రూర్ అనే బొగ్గుగనుల ప్రాంతపు కార్మికులను 1980లలో అడిగినప్పుడు, చాలామంది హిట్లర్ పాలనలో యుద్ధానికి ముందటి ఏళ్లను పని దొరికిన మంచి రోజులన్నారు, 1945 తర్వాతి ఆకలినే చెడ్డకాలమన్నారు. అది అబద్ధమని కొట్టేయకూడదు, అదే చరిత్ర అని రాసేయకూడదు. పక్కింట్లో ఎవరు మాయమయ్యారో కూడా అడగాలి. మన దగ్గరా అంతే: దొర గడీలో పనిచేసిన ఇంటినీ, వెట్టికి పోయిన ఇంటినీ, ముస్లింల ఇంటినీ వేర్వేరుగా కలవాలి.

సంవత్సరం అడిగితే తప్పుతారు. పోలీసు చర్య, అంటే భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది, 1948 సెప్టెంబరు 13-17. దానికి ముందా, వెనకా? ఆ ఏడు బతుకమ్మ ఆడిన్రా? పాత కాగితం మీద ఫసలీ (నిజాం కాలపు ఏళ్ల లెక్క) 1357 అనుంటే 590 కలపండి, 1947 అక్టోబరు నుంచి మొదలైన ఏడాది.

ఫ్యాన్ ఆపాలి. ఫోను ఫ్లయిట్ మోడ్‌లో, నోటికి రెండు జానల దూరంలో, మెత్తటి తువ్వాల మీద. మనవలు మధ్యలో మాటలు అందిస్తారు, వాళ్లను కాసేపు వాకిట్లో కూర్చోబెట్టండి.