పేరుతో మొదలయ్యే కాగితం: ట్రాన్స్‌జెండర్లతో సేఫ్టీ ప్లాన్ రాయడం, నా అనుభవం

ఎదురుగా కూర్చున్న మనిషిని నేను అడిగే మొదటి మాట, "మిమ్మల్ని ఏ పేరుతో పిలవమంటారు?" ఆధార్‌లో ఉన్న పేరు తర్వాత రాసుకోవచ్చు. బతకాలని లేక వచ్చిన ట్రాన్స్ మనిషిని ఆ రోజు అప్పటికే ఆటోలో, గేటు దగ్గర, ఓపీ చీటీ రాసే కిటికీ దగ్గర ఎవరో ఒకరు పాత పేరుతోనో, "ఏరా" అనో పిలిచే ఉంటారు. అదే పిలుపు నా నోట కూడా వినిపిస్తే, ఆ తర్వాత నేనేం అడిగినా "ఏం లేదు, బాగానే ఉన్నా" అన్న జవాబే వస్తుంది.

నేను హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల మధ్య కౌన్సెలింగ్ పని చేస్తున్నాను. ఆత్మహత్య ఆలోచనలతో వచ్చినవాళ్లతో కలిసి సేఫ్టీ ప్లాన్ రాస్తాను, అంటే ఆ ఆలోచన ముంచుకొచ్చినప్పుడు ఏం చేయాలో, ఎవరిని పిలవాలో వరసగా రాసుకునే కాగితం. ఆ తర్వాత మూడు నెలలు వాళ్లను ఫోన్‌లో వదలకుండా పట్టుకుంటాను. ఆ పని ఎలా సాగుతుందో, ఎక్కడ చెడుతుందో ఇక్కడ రాస్తున్నాను. ఇందులో ఎవరి కథా లేదు. ఇది చదువుతున్న మీకే ఇప్పుడు అలాంటి ఆలోచన ఉంటే, మిగతాది తర్వాత చదవండి. ముందు 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్. 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రమాదం ఈ క్షణంలోనే ఉంటే 112.

పేరు తర్వాత సూటిగా అడుగుతాను. తెలుగులో ఇక్కడో చిక్కుంది. "చచ్చిపోవాలనిపిస్తోంది" అని మనం ఎండకీ అంటాం, పని ఎక్కువైనా అంటాం. అందుకే ఆ మాట విన్నప్పుడు కొట్టిపారేయను, కంగారూ పడను. ఒక్కో పొరా విప్పి అడుగుతాను. పడుకుని మళ్లీ లేవకపోతే బాగుండు అనిపిస్తోందా? మీ అంతట మీరు ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందా? ఎలా అన్నదాకా ఆలోచన వెళ్లిందా? చేసెయ్యాలన్న ఉద్దేశం ఉందా? ఎప్పుడు, ఎక్కడ అని అనుకున్నారా? ఇంతకుముందు ప్రయత్నించారా, అది గత మూడు నెలల్లోనా? కొలంబియా స్కేల్ అనే ఆరు ప్రశ్నల వరస ఇంచుమించు ఇదే. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. పరిశోధనల్లో ఆ భయానికి ఆధారం దొరకలేదు. అడిగినప్పుడు మనిషి ఊపిరి వదలడమే నేను ఎక్కువగా చూశాను. జవాబులు మొదటి రెండు ప్రశ్నల దగ్గరే ఆగితే ప్లాన్ రాసి మర్నాడు ఫోన్ చేస్తాను. ఉద్దేశం ఉన్నా, రోజు అనుకున్నా, ఈ మధ్యే ప్రయత్నించి ఉన్నా ఆ మనిషిని ఒంటరిగా పంపను. అదే రోజు సైకియాట్రిస్ట్ దగ్గరకు తోడు వెళ్తాను.

ప్రమాదం ఎక్కడి నుంచి వస్తుందో అర్థం కాకపోతే ప్లాన్ ఉత్త ఫారంగా మిగులుతుంది. అమెరికాలో 2015లో 27,715 మంది ట్రాన్స్‌జెండర్లతో చేసిన సర్వేలో 40 శాతం మంది జీవితంలో ఒక్కసారైనా ఆత్మహత్యాయత్నం చేశామన్నారు. అక్కడి మామూలు జనాభాలో ఆ లెక్క 4.6 శాతం. ఈ అంకె చూపించి "వీళ్లు ఇంతే, ఇదో జబ్బు" అనేవాళ్లకు అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. ఇంటివాళ్లు అండగా ఉన్నవాళ్లలో ఆ శాతం 37, లేనివాళ్లలో 54. సర్వే అంకెలు ఇది దీనివల్లే అని నిరూపించవన్నది నిజమే. కానీ తేడా ట్రాన్స్ కావడంలో లేదు, వాళ్లందరూ ట్రాన్స్ మనుషులే. తేడా ఇంట్లో ఉంది. పరిశోధకులు దీన్ని మైనారిటీ స్ట్రెస్ అంటారు. బయటి నుంచి పడే అవమానం, హింస, ఉద్యోగం ఇవ్వకపోవడం ఒక పక్క. వాటిని తిని తిని లోపల పేరుకునే సిగ్గు, ఎప్పుడు ఏం జరుగుతుందోనన్న బెరుకు, ఎప్పుడూ దాచుకుంటూ తిరగడం ఇంకో పక్క. అందరికీ వచ్చే దిగులు, అప్పు, మద్యం, పాత గాయాలు వీటి మీద వచ్చి పడతాయి.

మన దగ్గర ఏ సమయాలు గడ్డువో అనుభవం మీద తెలిసింది. ఇల్లు వదిలిన మొదటి వారాలు. అద్దె ఇల్లు హఠాత్తుగా ఖాళీ చేయమన్నప్పుడు. కలిసి బతుకుతున్న మగమనిషి ఇంట్లోవాళ్లు చూసిన సంబంధానికి తలవంచి పెళ్లి చేసుకున్నప్పుడు. ఈ దెబ్బకు ఓదార్పు కూడా దొరకదు, ఆ బంధాన్ని బంధమని ఒప్పుకునేవాళ్లే తక్కువ కాబట్టి. డబ్బు లేక హార్మోన్లు మధ్యలో ఆపేసినప్పుడు. ఆపరేషన్ తర్వాత నొప్పీ ఒంటరితనం ఒకేసారి మీద పడే రోజులు. ఇన్నేళ్లు ఎదురుచూసిన ఆపరేషన్ అయిపోయాక "ఇప్పుడైనా సంతోషంగా ఉండాలి కదా" అని చుట్టూ ఉన్నవాళ్లు అంటారు. ఉండలేకపోతే దాన్ని పైకి చెప్పుకోవడానికి సిగ్గు. హిజ్రా పెద్దల పంచాయితీ అయిన జమాత్‌లో జరిమానా పడి, గురువు కింద చేలాలు (శిష్యురాళ్లు) కలిసి బతికే ఇల్లైన హమామ్ నుంచి బయటికి వచ్చేసినప్పుడు కూడా అంతే. అమ్మానాన్నలు పోయినచోట గురువే అమ్మ. ఆ అమ్మ కూడా వద్దంటే ఇంకెక్కడికి?

ట్రాన్స్ మగవాళ్ల సంగతి వేరు. వాళ్లకు చాలాసార్లు హమామ్ లాంటి ఆసరా లేదు. పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నారు కాబట్టి ఇంట్లోనే కట్టడి, ఫోన్ లాక్కోవడం, తొందరపెట్టి సంబంధాలు చూడటం. బయటికి రాలేని మనిషికి ప్లాన్ ఫోన్‌లోనే, అదీ ఎవరూ చూడకుండా రాయాలి. ఇలాంటప్పుడు చట్టం కొంత తోడుంది. 2024 మార్చిలో దేవూ జి. నాయర్ కేసులో సుప్రీంకోర్టు హైకోర్టులకు మార్గదర్శకాలు ఇచ్చింది. స్నేహితులో, జీవిత భాగస్వామో హెబియస్ కార్పస్ (నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే పిటిషన్) వేస్తే ఆ వ్యక్తి కోరికేమిటో విడిగా కనుక్కోవాలని, గుర్తింపును మార్చే కౌన్సెలింగ్‌కు పంపకూడదని చెప్పింది. "మార్చేస్తాం" అనే వైద్యం ప్రమాదాన్ని పెంచుతుంది. 2022లో జాతీయ వైద్య కమిషన్ కన్వర్షన్ థెరపీని వైద్యుల వృత్తి దుష్ప్రవర్తనగా ప్రకటించింది. ఈ సంగతి తల్లిదండ్రులకు ముందే చెబుతాను, డబ్బు పోసి బిడ్డను అలాంటి చోటికి తీసుకెళ్లకముందే.

ఇక కాగితం. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ రూపొందించిన ఆరు అడుగుల ప్లాన్ ఇది. ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లకు ఈ ప్లాన్ రాయించి ఆ తర్వాత ఫోన్‌లో వెంట ఉంటే, ఆరు నెలల్లో ఆత్మహత్యా ప్రవర్తన 45 శాతం తక్కువగా కనిపించిందని 2018లో అచ్చయిన అధ్యయనం చెప్పింది. అది అమెరికా మాజీ సైనికుల మీద చేసింది. మన మనుషుల దగ్గర ఆ ఫారంను ఉన్నది ఉన్నట్టు దించితే కొన్ని చోట్ల బెడిసికొడుతుంది.

మొదటి అడుగు హెచ్చరికలు. "దిగులుగా ఉండటం" అని రాస్తే దండగ. దిగులు రోజూ ఉంటుంది. ఆ మనిషికి మాత్రమే చెందిన గుర్తు కావాలి: అద్దానికి తువ్వాలు కప్పేయడం, వాట్సాప్‌లో ఫొటో తీసేయడం, గురువు ఫోన్ మోగుతున్నా ఎత్తకపోవడం, రాత్రి పదకొండు దాటాక ఊళ్లో ఇంటి ఫొటోలు తీసి చూడటం.

రెండోది ఒంటరిగా ఉన్నప్పుడు మనసు మళ్లించుకునే పని. ఫారాల్లో మామూలుగా "స్నానం చేయండి", "కాసేపు నడవండి" అని ఉంటుంది. ఒంటిని చూసుకుంటేనే బాధ పుట్టే ట్రాన్స్ మగవాడికి స్నానం మందు కాదు, పుండు మీద కారం. రాత్రి రెండు గంటలకు ట్రాన్స్ ఆడమనిషి రోడ్డు మీద నడిస్తే పెట్రోలింగ్ వాళ్లు ఆపుతారు, తాగినవాళ్లు వెంటపడతారు. కాబట్టి అర్ధరాత్రి, గదిలో, పైసా ఖర్చు లేకుండా చేయగలిగింది రాయాలి. తలకు నూనె పెట్టుకుని జడ వేసుకోవడం, బియ్యం ఏరడం, బీరువాలో చీరలన్నీ తీసి మళ్లీ మడతపెట్టడం. చిన్న పనులే. ఆ ఆలోచన ఉద్ధృతి ఎక్కువసార్లు కాసేపే ఉంటుంది, ఆ కాసేపూ చేతులకు పని ఉండాలి.

మూడు, నాలుగు అడుగులు మనుషులు. మూడోది ఊరికే మాట కలిపేవాళ్లు, వాళ్లకు విషయం చెప్పక్కర్లేదు. నాలుగోది విషయం చెప్పగలిగినవాళ్లు. ఈ రెండూ కలిపేస్తేనే ప్లాన్ విరుగుతుంది. గురువును నాలుగో అడుగులో రాసేముందు ఒకటి అడుగుతాను: ఆమె దగ్గర అప్పుందా? ఆపరేషన్ డబ్బు ఆమే ఇచ్చి ఉంటే, ఆమెను ఎంత ప్రేమించినా "బతకాలని లేదు అమ్మా" అని చెప్పడానికి నోరు రాదు. అప్పుడు ఆమె పేరు మూడులో ఉంచి, నాలుగులో తోటి చేలానో, వేరే హమామ్‌లోని అక్కనో రాస్తాం. రాసిన ప్రతివాళ్లకూ నా ఎదుటే ఫోన్ చేయిస్తాను. "అక్కా, ఎప్పుడైనా అర్ధరాత్రి చేస్తే ఎత్తుతావా?" అని అడిగి ఔనన్నాకే నంబరు రాయాలి. అడగకుండా రాసిన నంబరు అవసరమైన రాత్రే స్విచాఫ్ అయి ఉంటుంది.

ఐదో అడుగు డాక్టర్లు, హెల్ప్‌లైన్లు. ఇక్కడ రెండు పేర్లకు తగ్గకూడదని 2025లో నేర్చుకున్నాం. హైదరాబాద్‌లో 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్ అమెరికా నిధులు ఆగిపోయి ఆ ఏడాది జనవరిలో మూతపడింది. ట్రాన్స్ మనుషులే సిబ్బందిగా ఉన్న చోటు అది. ఒక్క చోటు మీదే ఆధారపడ్డ ప్లాన్ అలాంటి రోజున ఖాళీ అవుతుంది. ఇప్పుడు ఒకటి కచ్చితంగా ప్రభుత్వ ఆసుపత్రి, ఒకటి 14416.

ఆరోది ప్రాణానికి ముప్పు తెచ్చే వస్తువులను చేతికి అందనంత దూరం పెట్టడం. వివరాలు ఇక్కడ రాయను. కాగితం మీద ఉండాల్సినవి రెండే: ఏ రోజు, ఎవరి చేతికి ఇచ్చారు. "రేపు ఇచ్చేస్తా" అంటే ఒప్పుకోను. తోడు ఎవరినైనా పంపించి ఆ రోజే జరిగేట్టు చూస్తాను.

ఆసుపత్రి దాకా వెళ్లాల్సి వస్తే రెండు భయాలు అడ్డుపడతాయి. ఒకటి పోలీసు కేసు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్, ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలని, శిక్షించకూడదని చెబుతుంది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో లేదు. రెండోది "బంధువులను పిలవండి" అన్న మాట. తన్ని తరిమిన అన్నను సంతకానికి పిలవడం కన్నా ఇంటికి వెళ్లిపోవడమే నయమనుకుంటారు. అదే చట్టం 14వ సెక్షన్ కింద ఎవరైనా మేజర్ తనకు నచ్చిన మనిషిని నామినేటెడ్ ప్రతినిధిగా, అంటే చికిత్స విషయంలో తన పక్షాన నిలబడే మనిషిగా, పెట్టుకోవచ్చు. రక్తసంబంధం అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేయాలి, ఆ ప్రతినిధి కూడా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. సేఫ్టీ ప్లాన్ వెనక పేజీ మీదే ఈ నామినేషన్ రాయిస్తాను, మనిషి కుదురుగా ఉన్నప్పుడే. ఆడవాళ్ల వార్డులో వేస్తారా, మగవాళ్ల వార్డులోనా అన్న గొడవ మాత్రం ఇంకా తీరలేదు. అందుకే చేర్చేముందే డ్యూటీ డాక్టర్‌తో మాట్లాడి, ఏ పేరు, ఏ వార్డు అన్నది కేస్ షీట్ మీద రాయించుకుంటాను. షిఫ్టు మారితే నోటిమాట మారిపోతుంది.

ఇంటివాళ్లు ఒప్పుకుని వస్తే వాళ్లతో విడిగా గంట కూర్చుంటాను. అన్నీ ఒకేసారి అడగను. పూజకు రానివ్వండి, చెల్లి పెళ్లిలో నిలబెట్టండి అని మొదటిరోజే అంటే తలుపు మూసుకుపోతుంది. ఒక్కటే అడుగుతాను: ఫోన్‌లోనైనా తను పెట్టుకున్న పేరుతో పిలవండి. అమెరికాలో 129 మంది ట్రాన్స్ యువతతో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, కోరుకున్న పేరు వాడే చోటు ఇల్లో, బడో, పనో, స్నేహితులో ఒక్కటి పెరిగినా ఆత్మహత్య ఆలోచనలు 29 శాతం, ఆత్మహత్యా ప్రవర్తన 56 శాతం తగ్గడంతో ముడిపడి కనిపించింది. తల్లులు సాధారణంగా "నోరు తిరగదమ్మా" అంటారు. తిరగకపోతే పేరు లేకుండా "బంగారం" అనమంటాను. అందులో ఆడా మగా లేదు.

కాగితాలూ కాపాడతాయి. కెనడాలోని ఒంటారియోలో చేసిన ట్రాన్స్ పల్స్ సర్వే, గుర్తింపు కార్డుల్లో ఒక్కటైనా సరైన లింగంతో ఉండటానికీ ఆత్మహత్య ఆలోచనలు తగ్గడానికీ సంబంధం ఉందని చూపించింది. ఇక్కడా 2019 ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం కింద కలెక్టర్ ఇచ్చే గుర్తింపు పత్రం, దాని వెంట ఆధార్, పాస్‌బుక్, ఆంధ్రప్రదేశ్‌లో అయితే నెలకు 4,000 రూపాయల పింఛను మనిషిని నిలబెడతాయి. జాగ్రత్త పడాల్సింది ఎదురుచూపుల దగ్గర. "కార్డు రాగానే అంతా బాగుపడుతుంది" అని ఒక్క తేదీ మీద బతుకంతా వేలాడదీయనివ్వను. దరఖాస్తు తిరస్కరిస్తే ఆ రోజు ఎవరి దగ్గర పడుకోవాలో కూడా ప్లాన్‌లో ముందే రాసి ఉంటుంది.

నా కాల్స్ మర్నాడు, మూడో రోజు, ఆ తర్వాత వారానికొకటి, రెండో నెల నుంచి పదిహేను రోజులకొకటి. ఎత్తకపోతే ఏం చేయాలో మొదటిరోజే ఒప్పందం: రెండు గంటల తర్వాత ఇంకోసారి, అప్పటికీ ఎత్తకపోతే నాలుగో అడుగులోని మనిషికి. ఇంటివాళ్లకు మాత్రం ఆ మనిషి అనుమతి లేకుండా చేయను. ట్రాన్స్ అన్న సంగతి అలా బయటపడితే అదే కొత్త ప్రమాదం. ప్రాణం మీదికి వచ్చిందని తెలిస్తే మాత్రం 112కి చేస్తానని, ఆ మాట దాచనని కూడా ముందే చెబుతాను.

మూడో నెల చివర కాగితం మొదటి నుంచి మళ్లీ రాస్తాం. అప్పటికి మొదటి అడుగులోని గుర్తులు మారి ఉంటాయి, నాలుగో అడుగులో ఒకరు పోయి ఇంకొకరు చేరి ఉంటారు. కొన్నిసార్లు ఆ చేరిన పేరు అమ్మది. ఆ నంబరుకీ నా ఎదుటే ఫోన్ చేయిస్తాను, రాత్రి చేస్తే ఎత్తుతుందో లేదో అడిగాకే రాయిస్తాను.