సెగెస్తా గుడిలో నాన్న లెక్క

పలెర్మో నుంచి బయల్దేరిన గంటకి, ఇంకా హైవే మీద ఉండగానే గుడి కనబడింది. కొండ మీద ఒంటరిగా ఉంది, పక్కన ఒక్క ఇల్లు కూడా లేదు. "అదేనా?" అంది అమ్మ. అదే. ఇటలీ దీవి సిసిలీకి పడమటి వైపున్న సెగెస్తా గుడి.

టికెట్లు తీసుకుని కిత్తనార మొక్కల పక్కనుంచి పైకి నడిచాం. చెప్పులు ఎక్కడ విప్పాలి అన్నది అమ్మ మొదటి ప్రశ్న. గర్భగుడి ఎటువైపు అన్నది రెండోది. అసలు లోపల గదే లేదని చెప్పాను. పైకప్పు కూడా లేదు. ఏ దేవుడి కోసం కట్టారో చెప్పే ఆధారమూ దొరకలేదు. చుట్టూ స్తంభాలు, వాటి మీద దూలాలు, ముందూ వెనకా ముక్కోణపు గోడలు, అంతే. క్రీ.పూ. 5వ శతాబ్దం చివర్లో మొదలైన పని మధ్యలో ఆగిపోయింది.

"అయితే ఏం, గుడి గుడేగా" అని అమ్మ ప్రదక్షిణ మొదలుపెట్టింది.

నాన్న మెట్ల దగ్గరే ఉండిపోయారు. గుంటూరులో ముప్పై ఏళ్లు ఇళ్లు కట్టించిన మనిషి. మెట్ల రాళ్ల పక్కలకి పిడికిలి కన్నా పెద్ద బొడిపెలు ఉన్నాయి. నేనైతే అలంకారం అనుకునేదాన్ని. ఆయన ఒకదాని వైపు వేలు చూపించి, "తాడు వేసి ఎత్తడానికి వదిలారమ్మా. రాయి కూర్చున్నాక చెక్కేస్తారు. వీళ్లకి ఆ టైం దొరకలేదు" అన్నారు. నేను చదువుకుని వచ్చింది కూడా సరిగ్గా అదే. చెప్పకుండా ఊరుకున్నాను.

స్తంభాలదీ అదే కథ. ఏథెన్స్ గుళ్ల స్తంభాలకి నిలువునా గాళ్లు ఉంటాయి కదా, ఇక్కడ నున్నగా, లావుగా ఉన్నాయి. గుండ్రాళ్లని ఒకదాని మీద ఒకటి పేర్చి, స్తంభం నిలబడ్డాకే గాళ్లు చెక్కేవాళ్లు. ముందే చెక్కితే ఎత్తేటప్పుడు అంచులు ఊడతాయి, పైరాయి గీత కిందరాయి గీతతో కలవదు. అందుకే పైన ఒక పొర రాయి ఎక్కువ ఉంచారు. అది అలాగే ఉండిపోయింది. పూర్తయిన గుడిలో ఈ సంగతులేవీ కంటపడవు. నాకు ఏథెన్స్‌లోని పార్థెనాన్ గుడి కన్నా ఇదే నచ్చింది.

తర్వాత నాన్న వంగి, మెట్టు చివర కన్ను ఆనించినట్టు పెట్టి చూశారు. "రసమట్టం పెడితే తప్పంటుంది. మధ్యలో ఎత్తుంది." నిజమే, దాదాపు 58 మీటర్ల ఆ పొడవు మధ్యలో కొద్దిగా ఉబ్బి ఉంటుంది. కావాలనే అలా కట్టారు. పొడుగాటి గీత మధ్యలో కుంగినట్టు కనబడకుండా ఉండడానికని ఒక మాట.

గుడి గ్రీకు తరహాదే అయినా కట్టించినవాళ్లు గ్రీకులు కాదు, ఎలిమియన్లనే సిసిలీ పాత జాతివాళ్లు. పక్కనున్న సెలినుస్ అనే గ్రీకు ఊరితో వాళ్లకి ఎప్పుడూ తగాదాయే. ఏథెన్స్ సాయం కావాలి, చేతిలో డబ్బు లేదు. డబ్బుందో లేదో చూడ్డానికొచ్చిన ఏథెన్స్ రాయబారులకి ఇంటింటా విందులు పెట్టి, చుట్టుపక్కల ఊళ్లనుంచి అరువు తెచ్చిన బంగారు, వెండి పాత్రలనే ప్రతి ఇంట్లోనూ తిప్పారని చరిత్రకారుడు థూసిడిడీస్ రాశాడు. క్రీ.పూ. 415లో ఏథెన్స్ నౌకాదళం దిగాక చూస్తే ఖజానాలో ఉన్నది 30 టాలెంట్లే (టాలెంట్ అంటే అప్పట్లో వెండి లెక్కకి వాడిన తూకం). ఆ దండయాత్రలో ఏథెన్స్ సైన్యం నాశనమైంది. పులిహోర తింటూ ఈ కథ చెబితే అమ్మ ఒకటే మాటంది: "అరువు సొమ్ములు బరువు చేటు."

బస్సులో ఎదురు కొండెక్కి రంగస్థలం కూడా చూశాం. బాగానే ఉంది. అక్కణ్ణుంచి చూస్తే గుడి అరచేతిలో పట్టేంత ఉంది.

దిగేటప్పుడు గొడవొకటి. స్తంభాలు 40 అని నాన్న, 36 అని అమ్మ. "ముందు ఆరు, పక్కన పద్నాలుగు, రెండేసి వరసలు. లెక్క రాదా?" అని నాన్న. "నేను తిరిగి లెక్కపెట్టానండీ" అని అమ్మ.

కారెక్కే ముందు నాన్న నీళ్ల సీసా మర్చిపోయానని వెనక్కి వెళ్లారు. పావుగంట తర్వాత వచ్చారు. సీసా ఆయన సంచిలోనే ఉంది.

"మూలవి రెండుసార్లు లెక్కపెట్టాను. మీ అమ్మకి చెప్పకు" అన్నారు.