ఏ తలుపులోంచి బయటికొస్తే ఆ దేశం: బాసెల్-ములూజ్ ఎయిర్‌పోర్ట్

బెల్టు మీద నుంచి సూట్‌కేసు దించుకుని బయటికి నడుస్తుంటే రెండు దారులు కనిపించాయి. ఒకటి స్విట్జర్లాండ్ వైపు, ఇంకోటి ఫ్రాన్స్, జర్మనీల వైపు. నేను అద్దెకు బుక్ చేసుకున్న కారు ఫ్రాన్స్ వైపు ఉంది. ఆ సంగతి మర్చిపోయి ముందు నడిచేవాళ్ల వెనకే వెళ్లిపోయాను, తీరా బయటికొచ్చి చూస్తే స్విస్ బస్సు, ఫ్రాంకుల్లో ధరలు, ఫోన్‌లో స్విస్ నెట్‌వర్క్. ఒక్క క్షణం టెన్షన్ పడ్డాను గానీ, మళ్లీ లోపలికి వెళ్లి కస్టమ్స్ దాటి అవతలి వైపుకి నడవడానికి పెద్ద సమయమేమీ పట్టలేదు. అంటే ఒకే బిల్డింగులో సరిహద్దు దాటాను. అసలు ఇలా ఎందుకు కట్టారు అనే ప్రశ్న ఆ రోజు బుర్రలో పడింది, తర్వాత చాలా రోజులు దీని గురించే చదివాను.

అందరూ దీన్ని స్విట్జర్లాండ్ వాళ్ల బాసెల్ ఎయిర్‌పోర్ట్ అనుకుంటారు. నేనూ అదే అనుకున్నాను. కానీ ఇందులో అంగుళం నేల కూడా స్విట్జర్లాండ్‌ది కాదు. మొత్తం ఫ్రాన్స్‌లో, అల్సాస్ ప్రాంతంలోని సెయింట్ లూయీ ఊరి పక్కన ఉంది. బాసెల్ నగరం ఇక్కడికి నాలుగు కిలోమీటర్ల లోపే, ఫ్రాన్స్ నగరమైన ములూజ్ మాత్రం 20 కిలోమీటర్లకు పైగా దూరం.

బాసెల్ ఉన్న చోటే అలాంటిది. ఊరు దాటితే ఒకవైపు ఫ్రాన్స్, ఇంకోవైపు జర్మనీ. పాత విమానాల మైదానం ఊరి పక్కన బిర్స్‌ఫెల్డెన్‌లో ఉండేది, పెద్ద విమానాలకు అది సరిపోదు, విస్తరించడానికి జాగా లేదు. సరిహద్దు అవతల మాత్రం చదునైన నేల బోలెడంత ఉంది. ఇద్దరం కలిసి కట్టుకుందాం అనే మాట 1930ల్లోనే వచ్చింది, అంతలో యుద్ధం మొదలై అన్నీ ఆగిపోయాయి.

నాకు బాగా నచ్చిన భాగం ఆ తర్వాతిది. యుద్ధం అయ్యాక రెండు పక్షాలూ మళ్లీ కూర్చుని మాట్లాడుకున్నాయి. భూమి ఫ్రాన్స్ ఇస్తుంది, కట్టే ఖర్చు స్విస్ వాళ్లు పెట్టుకుంటారు. మన పల్లెల్లో పొలం ఒకరిది, పెట్టుబడి ఇంకొకరిది అన్నట్టు. రెండు దేశాల మధ్య సంతకాలు ఇంకా కాలేదు, అయినా బాసెల్-స్టాట్ కాంటన్ (కాంటన్ అంటే అక్కడి రాష్ట్రం లాంటిది) శాసనసభ డబ్బు మంజూరు చేసేసింది. ఒప్పందం లేకుండా పరాయి దేశపు నేల మీద సొంత ప్రజల డబ్బు ఖర్చుపెట్టడానికి ఎంత నమ్మకం కావాలో ఆలోచించండి. 1946 మార్చి 8న పని మొదలుపెట్టి మే 8న తాత్కాలిక ఎయిర్‌పోర్ట్ తెరిచేశారు, 1200 మీటర్ల రన్‌వేతో. సరిగ్గా రెండు నెలలు! అసలు ఒప్పందం మీద సంతకాలు పడింది 1949 జూలై 4న, అంటే విమానాలు ఎగరడం మొదలయ్యాక మూడేళ్లకు. ఇప్పుడు అక్కడ పెద్ద రన్‌వే పొడవు 3900 మీటర్లు.

ఆ ఒప్పందం ప్రకారం ఎయిర్‌పోర్ట్ రెండు దేశాల ఉమ్మడి సంస్థ, కానీ నేల ఫ్రాన్స్‌ది కాబట్టి మూలంలో ఫ్రెంచ్ చట్టమే. ఆ ఫ్రెంచ్ నేల మీదే స్విస్ కస్టమ్స్ వాళ్లకు ఒక భాగం కేటాయించారు. అక్కడి నుంచి బాసెల్‌కి ఒక రోడ్డు ఉంది, అది ఫ్రాన్స్‌లోనే సాగుతుంది గానీ రెండు పక్కలా కంచె, మధ్యలో ఫ్రాన్స్‌లోకి దిగడానికి దారి ఉండదు. కాగితం మీద ఉన్న సరిహద్దు అక్కడ ఇనుప కంచె రూపంలో కంటికి కనిపిస్తుంది. స్విట్జర్లాండ్ షెంగెన్‌లో (సరిహద్దుల్లో పాస్‌పోర్ట్ తనిఖీ లేకుండా తిరగనిచ్చే యూరప్ దేశాల ఏర్పాటు) చేరాక, 2009 మార్చి నుంచి షెంగెన్ దేశాల మధ్య తిరిగే విమానాలకు పాస్‌పోర్ట్ తనిఖీ పోయింది. కస్టమ్స్ మాత్రం ఉంది, ఎందుకంటే స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు.

ఈ కంచె రోడ్డు సంగతి నాకు తిరుగు ప్రయాణంలో బాగా అర్థమైంది. బాసెల్ నుంచి బయల్దేరి జీపీఎస్‌లో ఊరికే ఎయిర్‌పోర్ట్ అని కొట్టాను, అది నన్ను నేరుగా స్విస్ వైపు పార్కింగ్‌కి తీసుకెళ్లింది. నేను కారు అప్పగించాల్సిన ఆఫీసు బిల్డింగుకి అవతలి పక్క, ఫ్రాన్స్ వైపు. నడిచి వెళ్తే నిమిషాల పని, కారుతో మాత్రం కుదరదు. మళ్లీ బాసెల్ దాకా వెనక్కి వచ్చి, సరిహద్దు దాటి, సెయింట్ లూయీ మీదుగా చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది. విమానం అందింది, అది వేరే సంగతి. మీరు మాత్రం కారు ఏ వైపు తీసుకున్నారో ముందే రాసిపెట్టుకోండి, జీపీఎస్‌లో కూడా ఆ వైపు పేరే పెట్టండి. ఇంకో మాట, స్విస్ మోటార్‌వేల మీద తిరగాలంటే 40 ఫ్రాంకుల వార్షిక స్టిక్కర్ ఉండాలి. ఫ్రాన్స్ వైపు తీసుకున్న కారుకి అది ఉందో లేదో తాళాలు తీసుకునేటప్పుడే అడగండి.

టికెట్ వెతికేటప్పుడు మూడు కోడ్‌లు కనిపిస్తే కంగారు పడకండి. బీఎస్‌ఎల్ బాసెల్‌ది, ఎమ్‌ఎల్‌హెచ్ ములూజ్‌ది, ఈఏపీ రెండింటికీ కలిపి. మూడూ ఒకే చోటు. 1987 నుంచి వాడుకలో ఉన్న పేరు యూరోఎయిర్‌పోర్ట్, దాని వెనక జర్మనీలోని ఫ్రైబుర్గ్ పేరు కూడా చేరుస్తారు. ఫోన్ విషయం ఒకటి మర్చిపోవద్దు, యూరోపియన్ యూనియన్ రోమింగ్ నియమం (వేరే సభ్య దేశంలో ఉన్నా సొంత దేశపు రేట్లకే ఫోన్ వాడుకోవచ్చనేది) స్విట్జర్లాండ్‌కి వర్తించదు. బిల్డింగులో నడుస్తూనే నెట్‌వర్క్ మారిపోవచ్చు, అందుకే ఫ్రెంచ్ సిమ్ ఉన్నవాళ్లు దిగగానే డేటా రోమింగ్ ఒకసారి చూసుకోవడం మంచిది.

ఇన్నేళ్లూ గొడవల్లేకుండా నడిచిందని కాదు. స్విస్ భాగంలోని కంపెనీలకు ఏ దేశపు కార్మిక చట్టం వర్తించాలి, పన్ను ఎవరికి కట్టాలి అనే తగాదాలు చాలాకాలం సాగాయి, పన్నుల మీద రెండు ప్రభుత్వాలూ ఒప్పందానికి వచ్చింది 2017లో. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టుకుంటే పంపకాల లెక్క తేలడానికి టైం పడుతుంది మరి.

ప్రయాణికుల విమానాల్లో ఎక్కువ భాగం ఈజీజెట్ అనే చవక టికెట్ల కంపెనీవే. ఒకప్పుడు క్రాస్ఎయిర్ అనే స్విస్ విమాన కంపెనీకి ఇదే సొంత స్థావరం. స్విట్జర్లాండ్ పెద్ద విమాన కంపెనీ స్విస్ఎయిర్ కుప్పకూలాక 2002లో ఈ క్రాస్ఎయిర్ నుంచే ఇప్పటి ‘స్విస్’ అనే విమాన కంపెనీ పుట్టింది, కానీ ఆ కంపెనీ 2015లో ఇక్కడి నుంచి సర్వీసులు ఆపేసింది. సరుకు రవాణాలో మందులకు పెద్ద పీట, పెద్ద మందుల కంపెనీలు రోష్, నోవార్టిస్ రెండూ బాసెల్‌వే కదా.

నాకు ఇక్కడ నిజంగా లోటు అనిపించింది రైలు. స్ట్రాస్‌బర్గ్-బాసెల్ రైలు మార్గం ఎయిర్‌పోర్ట్‌కి దగ్గర్లోంచే పోతుంది, అయినా స్టేషన్ లేదు. ఆ లైన్‌ని టెర్మినల్ దాకా మళ్లించి స్టేషన్ కట్టాలనే ప్రణాళిక ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. అది వచ్చేదాకా స్విస్ వైపు దిగినవాళ్లు 50 నంబర్ బస్సు ఎక్కితే ఇరవై నిమిషాల్లో బాసెల్ పెద్ద స్టేషన్‌లో దిగొచ్చు. ఫ్రాన్స్ వైపు వాళ్లు ముందు బస్సులో సెయింట్ లూయీ స్టేషన్‌కి వెళ్లి, అక్కడ ములూజ్ రైలు ఎక్కాలి.